బెఅల్డ్, చెఅల్డ్, ఎఅల్డ్: పాత ఇంగ్లీషులో ధైర్యం, చలి, వయసు మాటలను ఎలా చదవాలి, ఎక్కడ వెతకాలి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: ఎం.ఏ. ఇంగ్లీషు చదివేవారికి పాత ఇంగ్లీషు నిఘంటువులో బెఅల్డ్, చెఅల్డ్, ఎఅల్డ్ అనే మాటలు కనిపించాయి. ఇప్పటి బోల్డ్, కోల్డ్, ఓల్డ్ వీటి నుంచే వచ్చాయా? వస్తే చెఅల్డ్‌లోని చకారం ఏమైంది? పద్యాల్లో అవే మాటలు బల్డ్, కల్డ్, అల్డ్ అని ఎందుకున్నాయి? ధైర్యం, చల్లదనం, వయసు అనే నామవాచకాలు వీటి కింద ఎందుకు దొరకడం లేదు?

మాటలు అవే, కానీ ఇప్పటి రూపాలు మీరు చూసిన స్పెల్లింగుల నుంచి రాలేదు. నిఘంటువులు హెడ్‌వర్డ్‌గా, అంటే వెతికే ముఖ్య రూపంగా, పెట్టేది ఇంగ్లండ్ నైరుతి ప్రాంతపు వెస్ట్ సాక్సన్ రూపాన్ని. మిగిలిన రాతప్రతుల్లో ఎక్కువ భాగం 10, 11 శతాబ్దాలవి, ఆ మాండలికానికి దగ్గరగా ఉండేవి. ఇప్పటి ఇంగ్లీషుకు ఆధారమైనది మాత్రం మధ్య, ఉత్తర ప్రాంతాల ఆంగ్లియన్ మాండలికం. అంటే నిఘంటువులో కనిపించేది పినతండ్రి, నోట్లో నలుగుతున్నది మరో శాఖ సంతానం. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా చిక్కుముళ్ళు చాలావరకు విడిపోతాయి.

లిప్యంతరీకరణ గురించి ఒక మాట. స్పెల్లింగులో ఈ, ఏ అక్షరాలు జంటగా ఉన్నచోట ‘ఎఅ’ అని రాస్తున్నాను. పలికేటప్పుడు ‘బ్యాటు’లోని అచ్చుతో మొదలుపెట్టి ‘అ’ మీదికి జారాలి. పలుకులో రెండూ కలిసి ఒకే అచ్చు కాబట్టి ఎఅల్డ్ అంటే ఒక దెబ్బకు పలికే మాట. ‘వై’ అక్షరాన్ని ‘ఇ’గానే రాస్తాను, పలికేటప్పుడు మాత్రం పెదవులు గుండ్రంగా ముడవాలి.

మూలం మూడింటికీ ఒకే అచ్చు, పొట్టి ‘అ’. తరవాత ఇంగ్లండ్‌లో అది ‘బ్యాటు’ అచ్చుగా ముందుకు వచ్చింది. ‘ల్’ తరవాత ఇంకో హల్లు ఉన్నచోట దారి చీలింది. వెస్ట్ సాక్సన్‌లోను, కెంట్‌లోను ఆ అచ్చు ‘ఎఅ’ అని రెండుగా విరిగింది. ఆంగ్లియన్‌లో వెనక్కి జరిగి ‘అ’గా నిలిచింది. అందుకే దక్షిణాన ఎఅల్డ్, ఉత్తరాన అల్డ్.

చకారం సంగతి తెలుగువాళ్ళకు చెప్పడం సులువు. కన్నడంలో ‘కివి’ మనకు ‘చెవి’, వాళ్ళ ‘కెరె’ మన ‘చెరువు’. ‘ఇ, ఎ’ లాంటి ముందు అచ్చుల పక్కన కకారం మన దగ్గర చకారమైంది. ‘కన్ను’, ‘కాలు’లో అచ్చు వెనకది, అందుకే కకారం అలాగే ఉంది. పాత ఇంగ్లీషులోనూ జరిగింది ఇదే. వెస్ట్ సాక్సన్‌లో ‘ఎఅ’ ముందు ఉన్న కకారం చకారమై చెఅల్డ్ వచ్చింది. ఆంగ్లియన్‌లో అచ్చు ‘అ’ కనుక కల్డ్‌లో కకారం నిలిచింది. మనం ‘కోల్డ్’ అంటున్నామంటే మాట ఉత్తరపు దారిన వచ్చిందనడానికి ఆ కకారమే సాక్షి. రాతలో మాత్రం రెండింటికీ ‘సీ’ అక్షరమే వాడారు కాబట్టి కంటికి తేడా తెలియదు. పక్కన ఉన్న అచ్చును చూసి తేల్చుకోవాలి.

ఊళ్ళ పేర్లలో ఈ చీలిక ఇప్పటికీ వినిపిస్తుంది. చల్లని ఊట అనే అర్థంలో ఉత్తరాన కాల్డ్‌వెల్, ఎసెక్స్ వైపు చాడ్‌వెల్. లండన్‌లోని చాక్ ఫార్మ్‌కు సుద్దతో ఏ సంబంధమూ లేదు, అది చల్లని గుడిసెలు అనే అర్థమున్న చాల్డెకోట్ అరిగి మిగిలిన పేరు. ఇంతకంటే గట్టి రుజువు కావాలంటే అడవిని సూచించే వెఅల్డ్ అనే మాట చూడండి. కెంట్, ససెక్స్ ప్రాంతాన్ని ఇప్పటికీ వీల్డ్ అంటారు. అదే మాట ఆంగ్లియన్ దారిలో వోల్డ్ అయి కాట్స్‌వోల్డ్స్‌లోను, యార్క్‌షైర్ వోల్డ్స్‌లోను ఉంది. హోల్డ్, సోల్డ్, టోల్డ్, ఫోల్డ్ కూడా ఈ వరసే. వెస్ట్ సాక్సన్ రాతల్లో అవి హెఅల్డన్, సెఅల్డె, టెఅల్డె, ఫెఅల్డన్ అని ఉంటాయి. కాబట్టి మూడు మాటలు బట్టీ పట్టడం దండగ, వరస పట్టుకోండి.

‘అ’ నుంచి ‘ఓ’ దాకా రావడానికి ఇంకా రెండు మెట్లున్నాయి. సుమారు 9వ శతాబ్దం నాటికి ‘ల్డ్’ ముందున్న అచ్చు దీర్ఘమైంది: అల్డ్ ఆల్డ్ అయింది. తరవాత మధ్య ఇంగ్లీషు కాలంలో, హంబర్ నదికి దక్షిణాన, ఆ దీర్ఘ ‘ఆ’ గుండ్రబడి ‘ఓ’ వైపు జరిగింది. ఉత్తరాన జరగలేదు. స్కాట్లాండ్‌లో ఇప్పటికీ ఆల్డ్, కాల్డ్, బాల్డ్ అనే అంటారు, ఎడిన్‌బరోకు ‘ఆల్డ్ రీకీ’ అన్న ముద్దుపేరు అలాగే నిలిచింది. 14వ శతాబ్దంలో మిడ్‌లాండ్స్ నుంచి వలస వచ్చినవాళ్ళ మాట లండన్ భాషను మార్చింది కనుకనే ప్రామాణిక ఇంగ్లీషుకు ఆంగ్లియన్ వరస దక్కింది.

దీర్ఘం రాని చోటు ఒకటి ఉంది. ‘ల్డ్’ తరవాత వెంటనే మూడో హల్లు వస్తే అచ్చు పొట్టిగానే ఉండిపోతుంది. చైల్డ్‌కు బహువచనం చిల్డ్రన్ అని పొట్టి అచ్చుతో పలకడానికి కారణం ఇదే. లండన్‌లోని ఆల్డ్‌విచ్ పేరు ఓల్డ్‌విచ్ కాలేదంటే కారణం అదే. ‘పాత వర్తక స్థావరం’ అని ఆ పేరుకు అర్థం: రోమన్ గోడల బయట ఉన్న లుండెన్‌విచ్‌ను వదిలి, ఆల్‌ఫ్రెడ్ రాజు కాలంలో, 886 ప్రాంతంలో, జనం మళ్ళీ గోడల లోపలికి చేరాక ఖాళీ అయిన చోటుకు మిగిలిన పేరు అది.

ఇక నామవాచకాలు. మీకు దొరకకపోవడానికి కారణం అచ్చు మారిపోవడం. ‘మనిషి’కి ‘లు’ చేరితే ‘మనుషులు’ అవుతుంది కదా, వెనక వచ్చిన ‘ఉ’ ముందున్న ‘ఇ’ని తన వైపు లాక్కుంటుంది. పాత ఇంగ్లీషు రాతలోకి రాకముందే అక్కడ ‘ఇ’ ఈ పని చేసింది. తరవాతి అక్షరంలో ‘ఇ’ గాని యకారం గాని ఉంటే ముందున్న అచ్చు ముందుకు జరిగింది. ఆ తరవాత చాలా చోట్ల ఆ ‘ఇ’ రాలిపోయింది, మార్పు మాత్రం మిగిలింది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే ఐ-మ్యుటేషన్ అంటారు. మన మూడు మాటల్లో దాని పని ఇలా ఉంటుంది: ఎఅల్డ్ నుంచి వయసుకు ఇయెల్డు, బెఅల్డ్ నుంచి ధైర్యానికి బియెల్డు, చలికి చియెలె. ఈ ‘ఇయె’ తొలి వెస్ట్ సాక్సన్ రూపం. 10వ శతాబ్దం చివరికి అదే ‘వై’తో రాసే ఇల్డు, బిల్డు, చిలె అయింది. ఆంగ్లియన్‌లో ‘ఎ’తో ఎల్డు, చెలె లాంటి రూపాలుంటాయి. ఒకే మాటకు ఇన్ని ముఖాలు. నిఘంటువును బట్టి వీటిలో ఏదో ఒకటి హెడ్‌వర్డ్ అవుతుంది, మిగతావి ‘అక్కడ చూడు’ అని పంపిస్తాయి.

చియెలె నుంచి వచ్చినదే ఇప్పటి చిల్. కానీ దీనికి సోదరి లాంటి చేలన్, అంటే చల్లార్చడం, చకారంతో కనిపించినా నిజానికి ‘కేలన్’. దాని మూలంలో అచ్చు ‘ఓ’. కకారం చకారంగా మారే కాలానికి అది ఇంకా వెనక అచ్చే, ‘ఇ’ ప్రభావంతో ముందుకు జరిగింది ఆ తరవాత. అందువల్ల కకారం బతికి కీల్ అనే క్రియ మిగిలింది. కుండలో ఉడికేదాన్ని కలిపి పొంగు చల్లార్చడం అని దాని అర్థం. ఏ మార్పు ముందు, ఏది వెనక అన్నది పరీక్షల్లో అడిగితే ఈ చిల్, కీల్ జంట రాయండి, చాలు.

తులనాత్మక రూపాల్లో ఒక తిరకాసు ఉంది. ఎఅల్డ్‌కు మాత్రమే అచ్చు మారుతుంది: ఇయెల్డ్ర, ఇయెల్డెస్ట్. ఇప్పటి ఎల్డర్, ఎల్డెస్ట్ వీటి ఆంగ్లియన్ రూపాలు. ఓల్డర్, ఓల్డెస్ట్ తరవాత పుట్టించుకున్నవి. చెఅల్డ్, బెఅల్డ్‌లకు ఈ మార్పు లేదు: చెఅల్డోస్ట్, బెఅల్డోస్ట్ అనే ఉంటాయి. వరస ఒకటే కదా అని ‘చియెల్డ్ర’ అని రాస్తే పప్పులో కాలేసినట్టే.

ఇక అర్థాలు. ధైర్యం దగ్గర ఆగి చూడాలి, ఎందుకంటే నిఘంటువు ‘బోల్డ్, బ్రేవ్’ అని ఒక్క ముక్కలో తేల్చేసే మాటలు అరడజను పైనే ఉన్నాయి, అవి ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు.

బెఅల్డ్‌లో ముందుండేది నమ్మకం, జంకులేనితనం. జర్మన్‌లో దీని తోబుట్టువు ‘బాల్ట్’ ఇప్పుడు ‘త్వరలో’ అని మాత్రమే అర్థమిస్తుంది. జంకులేనితనం చురుకుదనమై, చురుకు ‘త్వరగా’ అయి, అది ‘త్వరలో’ అయింది. పాత ఇంగ్లీషు పేర్లలో ఈ మాట విస్తారంగా ఉంది. 716 నుంచి 757 దాకా ఇంగ్లండ్ మధ్యభాగపు రాజ్యం మెర్సియాను ఏలిన ఆథెల్‌బాల్డ్, ధైర్యవంతుడైన మిత్రుడు అనే అర్థంలో బాల్డ్విన్, ఇలా. ఆంగ్లియన్ రూపం ఇంత దట్టంగా పేర్లలో నిలవడం వల్ల బాల్డ్ అంటే బట్టతల అనుకునేవారు ఉన్నారు. ఆ బాల్డ్ వేరు, అది మధ్య ఇంగ్లీషులో కనిపించే వేరే మాట. 10వ శతాబ్దపు వైద్యగ్రంథం ‘బాల్డ్స్ లీచ్‌బుక్’లో బాల్డ్ అన్నది కూడా పుస్తకం ఎవరిదో ఆ మనిషి పేరే.

దీనికంటే పెద్ద గొయ్యి ఇంకొకటి. పాత ఇంగ్లీషులో అచ్చంగా ‘బోల్డ్’ అనే స్పెల్లింగుతో ఒక మాట ఉంది, దానికి ధైర్యంతో సంబంధం లేదు. బోల్డ్ అంటే ఇల్లు, భవనం. బేవుల్ఫ్ కావ్యం 997వ పాదంలో ‘బెఒర్హ్టె బోల్డ్’ బాగా విరిగిపోయిందని ఉంటుంది: గ్రెండెల్ అనే రాక్షసుడితో పోరాటంలో దెబ్బతిన్న, మెరిసే సభామందిరం అది. న్యూబోల్డ్ అనే ఊళ్ళ పేర్లలోనూ అది కొత్త ఇల్లే. క్రియల్లో గందరగోళం ఇంకా ఎక్కువ. బెఅల్డ్ నుంచి వచ్చిన బిల్డన్ అంటే ధైర్యం చెప్పడం, ఉసిగొల్పడం. బోల్డ్ నుంచి వచ్చిన బిల్డన్ అంటే కట్టడం, ఇప్పటి బిల్డ్. యుద్ధ వర్ణనలో నాయకుడు సైనికులను ‘బిల్డె’ అంటే ఇల్లు కట్టలేదు, ఉత్సాహపరిచాడు.

మిగతా ధైర్యపు మాటల్లో కేనె అంటే తెగువ, పోరాటంలో పదును. ఇప్పటి కీన్ ఇదే. మోడిగ్ మీద జాగ్రత్త అవసరం. మోడ్ అంటే మనసు, కాబట్టి మోడిగ్ అంటే గుండె నిబ్బరం ఉన్నవాడు. వీరకావ్యాల్లో ఇది పొగడ్త. అదే మాట ఆల్ఫ్రిక్ మతాధికారి ధర్మోపన్యాసాల్లో కనిపిస్తే గర్విష్ఠి అని చదవాలి, ఆయన గర్వమనే పాపానికి వాడేది మోడిగ్‌నెస్ అనే మాటే. పుస్తకం ఏదో చూడకుండా దీనికి అర్థం రాయకూడదు. డేఓర్ విశేషణమైతే ధీరుడు, నామవాచకమైతే జంతువు. ఇప్పుడు జింకకు వాడే డీర్ ఈ రెండోదే. థ్రీస్టె, డిర్‌స్టిగ్ రెండూ వచనంలో తరచు తలబిరుసుతనం వైపు మొగ్గుతాయి. ఎల్లెన్ విశేషణం కాదు, పరాక్రమం అనే నామవాచకం, పద్యాల్లోనే ఎక్కువ. స్నెల్ అంటే చురుకైన, దూకుడైన. స్కాట్లాండ్‌లో ఇదే మాట ఇప్పుడు ఎముకలు కొరికే చలిగాలికి వాడతారు. ధైర్యం కాస్తా చలి అయిందన్నమాట.

ఈ మాటల బరువు తెలియాలంటే ఒక్కచోట కలిసి చూడటం మేలు. 991 ఆగస్టులో ఎసెక్స్‌లోని మాల్డన్ దగ్గర వైకింగులతో జరిగిన పోరులో ఎఅల్డొర్మన్, అంటే రాజు కింద ఒక ప్రాంతాన్ని చూసే ప్రభువు, పదవిలో ఉన్న బిర్హ్ట్‌నోథ్ చనిపోయాడు. ఆ యుద్ధం మీద మిగిలిన పద్యంలో 309వ పాదం నుంచి బిర్హ్ట్‌వోల్డ్ అనే అనుచరుడు మాట్లాడతాడు. అతన్ని కవి ‘ఎఅల్డ్ గెనేఅట్’ అంటాడు, అంటే ముసలి అనుచరుడు. అతను ‘ఫుల్ బల్డ్‌లీచె’, ఎంతో జంకులేకుండా, తోటివాళ్ళకు చెప్పే మాట ఇది: ‘హియె షెఅల్ థె హెఅర్డ్ర, హెఒర్టె థె కేన్రె, మోడ్ షెఅల్ థె మారె, థె ఊరె మాగెన్ లిట్లథ్.’ మన బలం తగ్గేకొద్దీ సంకల్పం మరింత గట్టిపడాలి, గుండె మరింత తెగించాలి, మనసు మరింత పెద్దదవాలి. ఇక్కడ గుండెకు కవి వేసినది కేనె, బెఅల్డ్ కాదు. బెఅల్డ్ మాట్లాడే తీరుకు వాడాడు. ఆ వెంటనే బిర్హ్ట్‌వోల్డ్ తనను ‘ఫ్రోడ్ ఫెఒరెస్’ అంటాడు: జీవితంలో పండినవాణ్ణి. ఫ్రోడ్ అంటే ముసలితనంతోపాటు వివేకం కూడా. కవి అతన్ని ఎఅల్డ్ అన్నాడు, అతను తనను ఫ్రోడ్ అన్నాడు. తొమ్మిది పాదాల్లో వయసుకు రెండు మాటలు, ధైర్యానికి రెండు మాటలు, ఏదీ మరోదాని చోట కూర్చోదు.

ఇదే పద్యంలో 78వ పాదంలోనూ ‘బల్డ్‌లికోస్ట్’ అని ఉంది: గట్టు దారి మీద అందరికంటే జంకులేకుండా అడుగు వేసిన వైకింగును పొడిచారు. మాల్డన్ ఉన్న ఎసెక్స్ దక్షిణం వైపుది, పద్యం స్పెల్లింగులు ఎక్కువగా వెస్ట్ సాక్సన్, మరి ఈ ‘బల్డ్’ ఏమిటి? కవులకు ఆంగ్లియన్ రూపాలు ఒక పద్యభాషగా అలవాటు. బేవుల్ఫ్ ఒకే రాతప్రతిలో ఎఅల్డొర్, అల్డొర్ రెండూ ఉన్నాయి. కాబట్టి ఒక్క ‘అ’ చూసి కవి ఫలానా ప్రాంతంవాడని తేల్చేయకండి. మాల్డన్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం: అసలు రాతప్రతి 1731లో ఆష్‌బర్నమ్ హౌస్ మంటల్లో పోయింది, మనం చదివేది అంతకు ముందు తీసిన నకలు.

ఆ పద్యం 89వ పాదంలోని ఒవెర్‌మోడ్ గురించి ఒక్క మాట. బిర్హ్ట్‌నోథ్ దీనివల్లే శత్రువులకు మరీ ఎక్కువ చోటు ఇచ్చాడని కవి అంటాడు. మోడ్ మీద ‘అతి’ చేరింది. మితిమీరిన ధైర్యమా, గర్వమా అని పండితులు ఇప్పటికీ తగవు పడతారు. మిగతా రచనల్లో ఈ మాట చాలావరకు సాతాను గర్వానికి వాడారు కాబట్టి నేను గర్వం వైపే మొగ్గుతాను.

చలి మాటలు ఇంత జటిలం కావు. చెఅల్డ్ మూలంలో ‘గడ్డకట్టిన’ అనే అర్థం ఉంది, లాటిన్‌లో మంచుకు ‘గెలు’ అన్నది దీని చుట్టమే. మూల క్రియ కలన్ పాత ఇంగ్లీషులో కర్త లేకుండా వాడతారు. మనం ‘నాకు చలేస్తోంది’ అంటే ‘నేను’ అనే కర్త ఎలా ఉండదో అక్కడా అలాగే, మనిషి కర్మస్థానంలో ఉంటాడు. దీన్ని ‘ఆయన చల్లగా ఉన్నాడు’ అని తెలుగు చేస్తే మనిషి పోయాడన్న అర్థం వస్తుంది, చూసుకోండి.

‘అన్నింటికంటే’ అనే అర్థమిచ్చే ఒకే తమ-రూపం (సూపర్‌లేటివ్) రెండు స్పెల్లింగుల్లో చూడాలంటే రెండు పాదాలు పక్కపక్కన పెట్టుకోండి. నీతివాక్యాల పద్యం ‘మాక్సిమ్స్ రెండు’లో ‘వింటెర్ బిథ్ చెఅల్డోస్ట్’, శీతకాలం అన్నింటికంటే చల్లనిది. ఎక్సెటర్ పుస్తకం అనే పాత ఇంగ్లీషు పద్య సంకలనంలోని ‘సీఫేరర్’లో వడగళ్ళను ‘కోర్న కల్డస్ట్’ అంటాడు: గింజలన్నింటిలో చల్లనిది. మొదటిది వెస్ట్ సాక్సన్, రెండోది ఆంగ్లియన్ వాసన. అదే సీఫేరర్‌లో నావికుడి కాళ్ళను చలి బిగించింది, మంచు ‘కల్డుమ్ క్లొమ్ముమ్’, చల్లని సంకెళ్ళతో కట్టేసింది. సమాసాల్లో హ్రీమ్‌చెఅల్డ్ అంటే మంచుపొడి పేరుకున్నంత చల్లన, రూనిక్ పద్యంలో గడ్డమంచుకు ఒవెర్‌చెఅల్డ్, అంటే అతిశీతలం.

వయసు దగ్గర ఎఅల్డ్‌కు మూలార్థం ‘పెరిగిన’, లాటిన్ ‘ఆల్టుస్’ దీని బంధువు. మనుషులకూ వస్తువులకూ వాడతారు, వస్తువులకు చేరితే చాలాసార్లు గౌరవం ధ్వనిస్తుంది: బేవుల్ఫ్‌లో ‘ఎఅల్డ్‌స్వెఒర్డ్’ తుప్పు పట్టిన కత్తి కాదు, రాక్షసుల కాలపు గొప్ప ఖడ్గం. ఇయెల్డ్ర బహువచనం ఇయెల్డ్రన్ అంటే పెద్దవాళ్ళు మాత్రమే కాదు, తల్లిదండ్రులు, పూర్వీకులు కూడా, మన ‘పెద్దలు’ లాగే. పద్యాల్లో ముసలితనానికి గమొల్ ఎక్కువ, స్కాండినేవియాలో ఇప్పటికీ పాతదాన్ని ‘గమ్మల్’ అనే అంటారు. హార్ అంటే నెరిసిన. పాత ఇంగ్లీషులో లోకానికి వెఒరొల్డ్ అంటే వెర్, ఎల్డ్ కలిసిన మాట, అంటే మనుషుల కాలం. ఆ వెర్, సంస్కృతం నుంచి మనకు వచ్చిన ‘వీరుడు’ ఒకే మూలానివి.

ఎఅల్డొర్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. పుంలింగమైతే ప్రభువు, నపుంసకలింగమైతే ప్రాణం లేదా ఆయుష్షు. వాక్యంలో లింగం తెలియని చోట చుట్టుపక్కల చూడాలి: ముందో వెనకో జనం పేరు షష్ఠీ బహువచనంలో ఉంటే ప్రభువు, ‘ఎఅల్డొర్ థెగ్న’ అంటే వీరుల నాయకుడు. పోగొట్టుకోవడం, తీసేయడం అర్థమున్న క్రియ ఉంటే ప్రాణం. ‘టో ఎఅల్డ్రె’ అంటే ఎప్పటికీ.

వయసు లెక్క శీతకాలాల్లో. అంకె పక్కన ‘వింట్ర’ అని షష్ఠీ బహువచనం వస్తే సంవత్సరాలు. గ్రెండెల్ పీడ 12 శీతకాలాలు, బేవుల్ఫ్ పాలన 50 శీతకాలాలు. అదే కావ్యంలో డేన్ల రాజు హ్రోథ్‌గార్ పాలనను ‘హుండ్ మిస్సెర’ అంటే వంద ఏళ్ళు అని అనువదించకండి. మిస్సెర అంటే అర్ధ సంవత్సరాలు, అదీ 50 ఏళ్ళే.

ఇల్డు ప్రతిసారీ ముసలితనం కాదు, చాలాసార్లు ఉత్త ‘వయసు’, ‘దశ’. ఆల్ఫ్రిక్ ఒక ఉపన్యాసంలో మనిషి జీవితాన్ని పగటి గంటలతో పోలుస్తాడు. తెల్లవారుజాము బాల్యం, మూడో గంట యవ్వనం, మధ్యాహ్నం నిండు ఎదుగుదల, తొమ్మిదో గంట ఇల్డ్, పదకొండో గంట ‘ఫోర్‌వెరొడె ఎఅల్డ్‌నిస్’, అంటే అరిగిపోయిన ముసలితనం, చావుకు దగ్గరపడేది. అంటే ఆయన లెక్కలో ఇల్డ్ పొద్దు వాలడం మొదలైన దశ, ఎఅల్డ్‌నిస్ మిగిలిన సాయంకాలం. రామ్సే మఠంలో 1011 ప్రాంతంలో ‘ఎన్‌కైరిడియన్’ రాసిన బిర్హ్ట్‌ఫెర్థ్ మానవ దశలను ఋతువులతోను, వేడి, చలి, తడి, పొడి గుణాలతోను జతచేశాడు. ముసలితనం ఆయనకు శీతకాలం, అది ‘చెఅల్డ్ అండ్ స్నోవ్లిగ్’: చల్లనిది, చీమిడి కారేది.

వెతికే పద్ధతి చెప్పి ముగిస్తాను. ముందు చివరి విభక్తి తీసేయండి: నె, ఉమ్, అన్, ఎస్, ర, తరవాత లీచె, ఓస్ట్. ముందు ‘గె’ ఉంటే పక్కన పెట్టుకోండి. మిగిలినదాంట్లో ‘ల్’తోపాటు ఇంకో హల్లు ముందు ‘అ’ కనిపిస్తే ‘ఎఅ’ పెట్టి చూడండి. ‘ఐ, వై, ఈ, ఐ-ఈ’ వీటిలో ఏది కనిపించినా నాలుగూ మార్చి మార్చి చూడండి, దొరక్కపోతే మార్పు రాని ఎఅల్డ్ వైపు వెళ్ళండి. ‘ఇల్డ్రుమ్’ అనే రూపం ఎదురైతే ‘ఉమ్’ తీస్తే ఇల్డ్ర, ‘వై’ని ‘ఐ-ఈ’ చేస్తే ఇయెల్డ్ర, అక్కడి నుంచి ఎఅల్డ్. వాక్యంలో అర్థం పెద్దలకో, పూర్వీకులకో.

నిఘంటువుల్లో బోస్వర్త్-టోలర్ 1898లో వచ్చింది, 1921లో అనుబంధం, 1972లో మరికొన్ని చేర్పులు. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయం దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచింది. పాత సంపుటంలో తప్పు అర్థం ఉండి అనుబంధంలో దిద్దిన సందర్భాలు ఉంటాయి కాబట్టి రెండూ చూడందే రాయకండి. ‘గె’తో మొదలయ్యే మాటలు అందులో ‘జీ’ కింద విడిగా ఉంటాయి. క్లార్క్ హాల్ చిన్న నిఘంటువులో ‘గె’ను లెక్కచేయరు, తరవాతి అక్షరం కిందే వెతకాలి. దొరకలేదని చేతులెత్తేసేవాళ్ళలో సగం మంది చేసే పొరపాటు ఇదే. టొరంటోలో తయారవుతున్న పెద్ద నిఘంటువు వరుసగా విడుదలవుతోంది, 2018 నాటికి ‘ఏ’ నుంచి ‘ఐ’ దాకా వచ్చింది. మన బెఅల్డ్, చెఅల్డ్, ఎఅల్డ్ ఆ పరిధిలోనివే. ఒక మాట వచనంలో ఎక్కువా పద్యంలో ఎక్కువా అనేది అక్కడ తెలుస్తుంది.

టైపు చేయడానికి ఫోన్లో ఐస్లాండిక్ కీబోర్డు చేర్చుకోండి. ‘థ’ ధ్వనికి వాడే థార్న్, ఎథ్ అక్షరాలు, ‘బ్యాటు’ అచ్చుకు వాడే యాష్ అక్షరం మూడూ అందులో ఉంటాయి. దీర్ఘాలకు పైన గీసే అడ్డగీతలు మాత్రం టైపు చేయకండి. అవి నేటి సంపాదకులు చేర్చినవి, వాటితో వెతికితే చాలా చోట్ల ఫలితమే రాదు.